లాభం, రెండు, మూడు

నూటికి పదకొండు దగ్గర డౌన్‌లోడ్ నీలిగీత మళ్లీ నిలబడిపోయింది. నందిని ల్యాప్‌టాప్‌ను మోకాళ్ల మీద నుంచి దించి నీళ్ల ట్యాంకు నీడలోకి జరిపింది. ఫోన్‌ను పిట్టగోడ నైరుతి మూలకు పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టింది. ఈ ఊళ్లో సిగ్నల్ అనే మహానుభావుడు ఆ మూల తప్ప ఇంకెక్కడా కాలు పెట్టడు. మధ్యాహ్నం రెండున్నర. ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు రోజులైనా ఆకాశం కడిగిన పళ్లెంలా ఖాళీగా ఉంది, గాలి మాత్రం రెండు చెవుల్లోనూ ఊదుతోంది. కరెంటు ఐదింటికి గానీ రాదు. ల్యాప్‌టాప్‌లో నలభై ఒక్క శాతం చార్జింగ్ మిగిలింది. ముదిగుబ్బలో తన ఎడిటింగ్ గదికి పోతే ఇదే ఫైలు పది నిమిషాల్లో దిగుతుంది, కానీ బస్సు నాలుగున్నరకు. అంతవరకు ఆగే ఓపిక లేకనే ఎండలో మిద్దె ఎక్కింది. దిగుతున్నది సినిమా కాదు, పాటా కాదు, ఆరు నిమిషాల పన్నెండు సెకండ్ల శబ్దం. అందులో రెండేళ్ల కిందట చనిపోయిన అమ్మ గొంతు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే. లేకపోతే, అందులోంచి అమ్మను తీసేసింది నందినే.

పన్నెండు. కదిలింది, మంచిదే. పంపినాయన పేరు టోరే, నార్వే దేశస్థుడు, డాక్యుమెంటరీలకు శబ్దాలు కూర్చే మనిషి. నందిని ఆయన ముఖం ఎప్పుడూ చూడలేదు. ఎడిటర్లు తాము రికార్డు చేసిన శబ్దాలను ఊరికే పంచుకునే సైటు ఒకటుంది. తలుపు కిర్రుమనడం, రైలు దాటడం, మంచులో నడక, ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఏది కావాలన్నా దొరుకుతుంది. పెళ్లి వీడియోలకు పిట్టల కూతలు వెతుక్కుంటూ నందిని అక్కడికి చేరింది. ఇరవై ఐదేళ్ల వయసు, డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని కాలం. రెండేళ్లపాటు తీసుకోవడమే గానీ ఇచ్చింది లేదు. ఊరికే వచ్చినవన్నీ వాడుకుంటూ కూర్చోవడం సిగ్గనిపించి, రాప్తాడులో స్టూడియో నడిపే దివాకరన్న దగ్గర చేతిలో ఇమిడే రికార్డర్ ఒకటి అడిగి తెచ్చింది. మన దగ్గర ఏముంది ఇవ్వడానికి అని ఇల్లంతా తిరిగి చూసింది. గొర్రెల మెడలో గంటలున్నాయి, అవి సైటులో నాలుగు వందలున్నాయి. గాలి ఉంది, గాలి అందరికీ ఉంది. వసారాలో అమ్మ శెనక్కాయ విత్తనాలు కొలుస్తోంది. ఒలిచిన విత్తనాలు ఇనప పడిలో పడుతున్నప్పటి ఆ సవ్వడి, మొదట గలగలగా మొదలై పడి నిండేకొద్దీ మెత్తబడి, చివరికి గుసగుసలా మారే ఆ సవ్వడి సైటులో వెతికితే ఒక్కటీ లేదు. అమ్మకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని బటన్ నొక్కింది. 'దీన్ని ఎవురింటారే?' అన్నట్టు అమ్మ కళ్లతోనే అడిగింది. నోటితో అడగలేదు, ఎందుకంటే అప్పటికే లెక్కలో ఉంది.

లెక్కలో ఉన్న అమ్మను, బయమ్మను, కదిలించడం ఎవరి తరమూ కాదు. మొదటి పడిని ఒకటి అనరు, లాభం అంటారు. పడి నింపి, పైకి లేచిన విత్తనాలను చేత్తో రాసి తలకొట్టి, గోతంలోకి వంచుతూ 'లాభం లాభం లాభం' అని, రెండో పడి నిండేదాకా ఆ మాటను నోట్లో నిలుపుకోవాలి. తర్వాత 'రెండు రెండు రెండు'. వదిలేస్తే లెక్క జారిపోతుంది. అందుకే కొలిచేవాళ్లను ఎవరూ పలకరించకూడదు, పలకరించినా వాళ్లు పలకకూడదు. చిన్నప్పుడు బడి నుంచి పరుగెత్తుకొచ్చి 'మా, నాకు ఫస్టు ర్యాంకు వచ్చింది' అంటే అమ్మ కళ్లు పెద్దవి చేసి 'ఐదు ఐదు ఐదు' అంది. ఆ ఐదులో అంత సంతోషం ఉందని అప్పుడు తెలియక నందిని ఏడ్చింది. గోతం మూతి కట్టినాక అమ్మ చేతులు దులుపుకుని దగ్గరికి తీసుకుంది. ఆ చేతులకు విత్తనాల ఎర్రపొట్టు అంటుకుని ఉండేది, నందిని తెల్ల చొక్కాకూ అంటింది, ఉతికినా పోలేదు. ఇప్పుడా చొక్కా ఎక్కడుందో. ఎవరికో ఇచ్చేసి ఉంటారు, ఎర్ర మరకతో సహా.

పంతొమ్మిది. గాలికి పక్కింటి నల్లమ్మ మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు దొర్లుతున్నాయి. ఆ శబ్దం కూడా సైటులో ఉండదు. ఏ శబ్దం విన్నా ఇది ఎవరికైనా పనికొస్తుందా అనుకోవడం ఒక రోగంలా పట్టుకుంది తనకు. ఆ రోజు అమ్మ విత్తనాల శబ్దాన్ని ఉన్నదున్నట్టే సైటులో పెట్టింది. మూడో రోజు దాని కింద టోరే రాసిన మాట కనబడింది. చాలా గొప్ప శబ్దం, ఇలాంటిది నేను వినలేదు, కానీ మధ్యమధ్య ఒక మనిషి గొంతు ఉంది, అది తీసేస్తే అందరికీ పనికొస్తుంది. గొప్ప శబ్దం! ఎవరో నార్వే ఆయన, ముదిగుబ్బ పిల్లను మెచ్చుకున్నాడు. నందిని రాత్రికి రాత్రి కాదు గానీ తెల్లారేసరికి కూర్చుంది. పద్దెనిమిది చోట్ల అమ్మ గొంతు కోసింది. కోసిన చోట మామూలుగా ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో మరో చోటి విత్తనాల సవ్వడి తెచ్చి అతికించింది. నిడివి ఒక్క సెకండు కూడా మారలేదు. అతుకు ఎక్కడుందో తనకే కనబడనంత నున్నగా వచ్చింది. ఆ నున్నదనం చూసుకుని ఎంత మురిసిపోయిందో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని అదే పేరుతో పెట్టింది. రికార్డర్‌లోని కార్డు ఆ వారమే చిలమత్తూరు పెళ్లికి కావలసొచ్చి తుడిచేసింది. హార్డ్‌డిస్కులో ఉన్న నకలు, స్కూటర్ మీద నుంచి డిస్కు జారిపడిన రోజున పోయింది. ఎవరినీ అనడానికి లేదు. అన్నీ తన చేతులతోనే చేసింది, అన్నీ పని బాగా చేస్తున్నాననుకుంటూ చేసింది.

ఇక ఆ శుభ్రం చేసిన శబ్దం దేశాలు పట్టి పోయింది. నాలుగు వేల మందికి పైగా తీసుకున్నారు. ఎవరో పిల్లల బొమ్మల సినిమాలో వడగళ్లకు వాడుకున్నారు, ఎవరో సముద్రపు ఒడ్డున గులకరాళ్లకు. ఎక్కువమంది మాత్రం వానకు వాడుకున్నారు. ఆ సంగతి చెబితే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మన ఇత్తనాలు వాళ్ల దేశంలో వానైనాయా? మంచిదే పో, ఈడ కాకపాయె, ఆడన్నా కురిసె." ఈ మాట నందినికి అక్షరం తప్పకుండా గుర్తుంది, గొంతు మాత్రం గుర్తు లేదు. అదే విచిత్రం. మాటలు కాగితం మీద రాసినట్టు గుర్తుంటాయి, ఎవరి గొంతుతో తలచుకుందామన్నా తన గొంతే వినిపిస్తుంది. మొదటి సంవత్సరం ఇంత లేదు. కళ్లు మూసుకుంటే కొంచెం గరుకుగా, చివర్లో పైకి లేచే గొంతు వచ్చేది. పోయిన శ్రీరామనవమికి వడపప్పు నానబెడుతూ ఉన్నట్టుండి చూసుకుంటే అది లేదు. చెవిలో వెతికింది, ఫోన్లలో వెతికింది. అమ్మ ఫోన్ పట్టుకుంటే 'ఊ, చెప్పు' తప్ప మాట్లాడేది కాదు, ఆ ఊ కూడా ఎవరూ రికార్డు చేయలేదు. కెమెరా తీస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. నందిని గదిలో అల్మరా నిండా డిస్కులున్నాయి, వాటి నిండా ఊరందరి అమ్మలున్నారు. అప్పగింతల్లో ఏడ్చే అమ్మలు, వంటవాళ్ల మీద అరిచే అమ్మలు, మైకు పట్టుకుని పాడే అమ్మలు. వాళ్ల దగ్గు కూడా తెలుసు తనకు. సొంత అమ్మ మాత్రం ఒక్క డిస్కులోనూ లేదు.

"పాపా!" కింద నుంచి నాయన కేక. "ఎండకు తల నొస్తాదే, కిందికి రా."

"వస్తా నాయనా. ఒకటి దిగుతాండాది."

"పైనుంచి దిగాల్సింది వాన. అదొకటి తప్ప అన్నీ దిగుతాయి మనకు," అంటూ గంగాధరప్ప మళ్లీ కాటా దగ్గరికి పోయినట్టు గొలుసు చప్పుడైంది.

ముప్పై ఆరు. నాయనకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పి, తీరా దిగినాక అందులో ఏమీ లేకపోతే ఆ ముఖం చూడడం తన వల్ల కాదు. వాన పడినా పడకపోయినా విత్తనాలు సిద్ధం చేసి పెట్టుకోవడం ఆయనకు పూజలాంటిది. ఎకరాకింత అని గోతాలకు పోస్తున్నాడు. కానీ కొలవడం లేదు, తూస్తున్నాడు. అమ్మ పోయినాక వచ్చిన మొదటి ఏరువాకకు అటక మీద నుంచి పడి దించి, విత్తనాల కుప్ప ముందు కూర్చుని, నింపి, తలకొట్టి, గోతం మీదికి వంచబోయి ఆగిపోయాడు. చాలాసేపు అలాగే చేయి పైకెత్తి పట్టుకున్నాడు. తర్వాత పడిని కుప్పలోకే తిరగేసి, 'లాభం అనే మాట నా నోట్లో నుంచి రాలేదు పాపా, అది ఆయమ్మ నోట్లోనే బాగుండె' అన్నాడు. మర్నాడు ముదిగుబ్బ సంతలో కాటా కొనుక్కొచ్చాడు. పడి అటకెక్కి బోర్లా పడుకుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో విత్తనం మాటతో బయటికి పోయేది, ఇప్పుడు ముల్లు చూసుకుని పోతోంది. నాయన మామూలుగానే ఉంటాడు, తింటాడు, గొర్రెలు కొనే కదిరమ్మ కొడుకుతో ధర గురించి పోట్లాడతాడు. ఒక్క ఆ పని దగ్గర మాత్రం నోరు మెదపడు.

నలభై ఏడు. బ్యాటరీ ఇరవై ఎనిమిది. తెర వెలుతురు బాగా తగ్గించింది. ఇప్పుడు తన ముఖమే కనబడుతోంది అందులో, గాలికి రేగిన జుట్టుతో. ఈ ఎడిటింగ్ పని వీడియోల్లో నేర్పిన బట్టతలాయన గుర్తొచ్చాడు. ఆయనది ఏ దేశమో తెలియదు, ప్రతి పాఠానికీ ముందు ఒకసారి దగ్గి మొదలుపెట్టేవాడు. నూట నలభై పాఠాలు, అన్నీ ఉచితం. కింద వచ్చే అక్షరాలు పట్టుకుని, ఆపి ఆపి, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకుంది. జె-కట్ అంటే ఏమిటో ఆయనే చెప్పాడు. మనిషి తెర మీదికి రాకముందే ఆ మనిషి గొంతు రావాలి, అప్పుడు చూసేవాళ్లు ఎదురుచూస్తారు. ఎల్-కట్ అంటే దానికి వ్యతిరేకం, మనిషి తెర మీద నుంచి పోయినా గొంతు కాసేపు ఉండాలి. నందినికి వెంటనే అర్థమైంది, బొమ్మ గీసి చూపించనక్కరలేదు. అమ్మ వీధి మలుపు తిరగకముందే ఆమె కేక ఇంట్లోకి వచ్చేది. పొలానికి పోయేటప్పుడు మనిషి కనుమరుగైనా 'కోళ్లను మూయండే' అనే మాట గుమ్మంలోనే ఉండేది. అమ్మ పోయినప్పుడు కూడా అలా కాసేపన్నా ఉంటుందనుకుంది. ఆసుపత్రిలో మూడు రోజులు నోట్లో గొట్టం. మాట ముందు పోయి మనిషి తర్వాత పోయింది. ఏ పాఠంలోనూ ఇలాంటి కట్ చెప్పలేదు ఆయన.

యాభై తొమ్మిది. ఈ మధ్య ఇంకో రకం సైట్లు వచ్చాయి. ముప్పై సెకండ్ల గొంతు ఇస్తే చాలు, ఆ గొంతుతో ఏ మాటైనా పలికిస్తామంటాయి. పోయిన నెల ఒక పెద్దింటివాళ్లు వచ్చి, చనిపోయిన వాళ్ల తాత చేత మనవడి పెళ్లికి దీవెన చెప్పించమన్నారు. చెప్పించింది. పెళ్లి పందిట్లో అందరూ ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. నందిని మాత్రం ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంది. ఇప్పుడు ఈ ఫైల్లో అమ్మ గొంతు దొరికితే ముప్పై సెకండ్ల కంటే ఎక్కువే ఉంటుంది. ఏం చెప్పించుకోవాలి? బాగున్నావా పాపా అనా? ఎందుకు కోసినావే నన్ను అనా? వద్దు. అనని మాటలు అనిపించుకుంటే ఉన్న నాలుగు అంకెలూ అబద్ధమైపోతాయి. అంకెలే చాలు తనకు. లాభం నుంచి పద్దెనిమిది దాకా, ఆ రోజు రికార్డర్ బ్యాటరీ అక్కడే అయిపోయింది గనుక.

టోరే ఉత్తరం మళ్లీ తెరిచి చదివింది. మూడు రోజుల కిందట సైటులోనే ఆయనకు రాసింది, గొంతు ఉన్న మొదటి ఫైలు మీ దగ్గర ఉందేమోనని మాత్రమే రాసింది. ఈ మధ్యాహ్నం అన్నం తింటుండగా జవాబొచ్చింది. 'పాత డిస్కులో ఆ పేరుతో ఒకటే దొరికింది. మొదటిదో రెండోదో తెలియదు, నేను ఊళ్లో లేను, స్టూడియోలో ఉన్నవాళ్లు పంపుతున్నారు. గొంతు తీసేయమన్నది నేనేనని ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ గొంతు మీకు కావలసినవాళ్లదా అని అప్పుడు అడగలేదు. క్షమించండి.' ఏమీ చెప్పకుండానే ఎలా పసిగట్టాడో. శబ్దాలు వినే పనిలో ముసలివాడైన మనిషి కదా. నందినికి ఆయన మీద కోపం రాలేదు. ఆయన ఒక మాట అన్నాడు, కత్తెర పట్టుకుంది తను.

డెబ్బై ఎనిమిది దగ్గర గీత ఆగింది. ఆగి, ఎర్రబడింది. కనెక్షన్ లేదంది. నందిని లేచి పరుగెత్తింది. పిట్టగోడ మీద ఫోన్ ఎండకు కాగి తనంతట తాను ఆరిపోయింది. దాన్ని తీసి కొంగులో చుట్టి, ట్యాంకు గోడ చెమ్మకు ఆనించి, జ్వరమొచ్చిన బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. బ్యాటరీ పదిహేను. మళ్లీ మొదటి నుంచి అంటే ఇక ఈ పూట కాదు. రేపయినా కావచ్చు, రేపు ముదిగుబ్బలో తెరిచి వినవచ్చు, బుద్ధి చెబుతూనే ఉంది. కానీ అక్కడ ఏసీ గదిలో, ఎవరి పెళ్లి పాటలో పక్క కంప్యూటర్లో మోగుతుండగా వినడం వేరు, ఈ మిద్దె కింద ఆ విత్తనాల కుప్ప ఉన్నప్పుడు వినడం వేరు. ఫోన్ చల్లబడి వెలిగాక మళ్లీ ఆ మూలకే పెట్టింది. గీత కాసేపు ఆలోచించి డెబ్బై ఎనిమిది నుంచే నడక సాగించింది. ఆ గీతకు దండం పెట్టాలనిపించింది. తొంభై. తొంభై ఆరు. నూరు.

దిగిన ఫైలు మూట విప్పింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వేలు బటన్ మీద ఉంచి నొక్కలేకపోయింది, తర్వాత నొక్కింది. మొదట గాలి. ఎనిమిదేళ్ల కిందటి గాలి, ఇప్పటి గాలిలాగే ఉంది. ఎక్కడో కాకి. విత్తనాలు ఇనప పడిలో పడుతున్నాయి, గలగల, గలగల, మెత్తబడుతోంది, గుసగుస. ఇంతవరకు రెండు ఫైళ్లలోనూ ఒకటే. చేత్తో తలకొట్టిన రాపిడి. ఇప్పుడు. ఇక్కడే కోసింది.

"లాభం లాభం లాభం లాభం..."

కొంచెం గరుకుగా, చివర్లో పైకి లేస్తూ. అవును, ఇదే, ఇలాగే ఉండేది. ఎలా మరిచిపోయింది దీన్ని? 'రెండు రెండు రెండు' అంటుంటే కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి, తుడుచుకోలేదు. మూడు. నాలుగు. హెడ్‌ఫోన్ల తీగ పీకేసింది. ఒక్కతే వినడం దొంగతనం అనిపించింది. అమ్మ గొంతు మిద్దె మీద గాలిలోకి, మెట్ల మీదుగా కిందికి పోయింది. కాటా గొలుసు చప్పుడు ఆగిపోయింది. 'ఆరు ఆరు' అనేసరికి మెట్ల మీద నాయన అడుగులు, 'ఎనిమిది' అనేసరికి పై మెట్టు మీద ఆయన తల కనబడింది. ఏదో అడగబోయి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్‌లోంచి, దూరంగా గడప దగ్గర నుంచి, ఎనిమిదేళ్ల కిందటి ఆయన గొంతే అడిగింది. "బయమ్మా, బీగం చెవి యాడ పెడితివి?"

"తొమ్మిది! తొమ్మిది! తొమ్మిది!" అని కసిరింది అమ్మ.

గంగాధరప్ప తెరిచిన నోరు మూసుకున్నాడు. ముఖంలో నవ్వో మరొకటో వచ్చి అక్కడే నిలిచింది. పై మెట్టు మీదే కూర్చున్నాడు, మోకాళ్ల మీద రెండు చేతులు పెట్టుకుని. నందిని ఆయన వైపు చూస్తోంది, ఆయన ల్యాప్‌టాప్ వైపు. ఇద్దరూ కదలలేదు. పన్నెండు, పదమూడు. నల్లమ్మ పక్క మిద్దె మీదికి వచ్చి మిరపకాయలు ఏరుతూ తల తిప్పి, చేతిలోవి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పదహారు. పదిహేడు. 'పద్దెనిమిది పద్దెని...' అంటూ ఉండగా తెగిపోయింది. గాలి మాత్రం ఆగలేదు, ఇప్పటిది.

నాయన అడిగాడు. "నిలబడిపాయనే?"

"ఆ పొద్దు మిషన్‌లో బ్యాటరీ అయిపోయినాది నాయనా. అంతే ఉండాది."

"గోతానికి ఇరవై నాలుగు పొయ్యల్ల," అన్నాడు ఆయన. "నిండలా అది."

లేచి మెట్లు దిగిపోయాడు. కింద నిచ్చెన జరిపిన చప్పుడు, అటక మీద ఏదో ఈడ్చిన చప్పుడు, ఇనుము మీద దుమ్ము కొట్టిన చప్పుడు. ల్యాప్‌టాప్ నాలుగు శాతంతో ఎర్రగా హెచ్చరించింది. నందిని ఫైలును ఫోన్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి రెండు నకళ్లు తీసి మూత వేసింది. కింద విత్తనాలు పడిలో పడుతున్నాయి, గలగల, మెత్తబడి, గుసగుస. తలకొట్టిన రాపిడి. కాసేపు ఏమీ లేదు.

"పంతొమ్మిది పంతొమ్మిది పంతొమ్మిది..."

మెట్ల దాకా వచ్చింది నందిని. నాయనా అని పిలవబోయి, ఆగి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.